శ్రుతి చేసేంతసేపు

షట్టర్ సగమే ఎత్తి ఉంది.
లోపల రెండు బండ్లు.
రెంటికీ పొగగొట్టం లేదు.

ఒకటి డెమో.
ఆరువేల రెండొందల కిలోమీటర్లు తిరిగింది,
అన్నీ ఒక్క కొండ చుట్టూనే.
శనివారం శనివారం ఎవరెవరో ఎక్కి
చూసొస్తామని వెళ్ళి, చూసి,
తాళం బల్లమీద పెట్టి పోయిన బండి.
మోకాళ్ళు ఒరుసుకున్నచోట నునుపు.
కుడి అద్దం కింద ఒక గీత.
దాని సంగతి తెలీదంటాడు టవీటా,
నేలకేసి చూస్తూ.

రెండోది నెల కిందట ఓడ దిగింది.
సీటు మీద ప్లాస్టిక్ ఇంకా ఊడలేదు.
అరవై కిలోమీటర్లు ఎక్కువ పోతుందట,
చలికి నీరసపడని బ్యాటరీ అట,
నాలుగువేల డాలర్లు ఎక్కువ.
దీనికి మాత్రం 'అట' లేదు.

కొత్త వింత, పాత రోత అంటారు గానీ
రోత పుట్టేంతగా
ఈ పాతది ఇంకా ఎవరిదీ కాలేదు.

పియానోలకు శ్రుతి చేయడం నా పని.
ఇరవై రెండేళ్ళు డనీడిన్ ఏటవాలు వీధుల్లో
పెట్రోలు బండి మీద తిరిగాను.
ఇంజన్ ఆపినా పావుగంటసేపు
చెవిలో అదే గురగుర.
అది దిగేదాకా వాకిట్లో నిలబడి
అప్పుడు తలుపు కొట్టేదాన్ని.
ఈవిడ సముద్రం చూస్తోంది కాబోలు అనుకునేవాళ్ళు
ఇంట్లోవాళ్ళు.

పోయిన మే నెలలో డాక్టరు చెప్పింది:
పై స్థాయిలో నాలుగు మెట్లు
నా ఎడమ చెవి ఎక్కడం మానేసిందని.
నా కూడు ఆ మెట్ల మీదే ఉంది.

కొత్తదాన్ని ముందు నడిపాను.
ఏమీ వినబడలేదు.
నేనడిగింది ఇదే కదా,
మరెందుకో గుండె జారింది,
ఆ పరీక్షగదిలో హెడ్‌ఫోన్ తగిలించి
శబ్దం వస్తే మీట నొక్కమన్నప్పుడు
రాని శబ్దానికి వేలు సిద్ధంగా పెట్టుకు కూర్చున్నట్టు.

తర్వాత డెమో.
నలభై దాటగానే బెల్టు సన్నగా కూత పెట్టింది.
'ఎ' స్వరానికి వెంట్రుకవాసి కింద.
వేళ్ళు వాటంతటవే జేబులో
శ్రుతిదండం వెతుక్కున్నాయి.

"బెల్టు మార్చేస్తాను, డబ్బులొద్దు," టవీటా సిగ్గుపడ్డాడు.
మార్చకు, బిగించు, అన్నాను.
ఎంత?
'ఎ' దాకా.

అయినా చిక్కు మిడిల్‌మార్చ్‌లో ఉంది.
ఎనభై కిలోమీటర్ల అవతల
ఉన్ని కోత షెడ్డు పక్క హాల్లో ఒక పియానో,
ఏడాదికి రెండుసార్లు నా కోసం ఎదురుచూస్తుంది.
డెమో వెళ్ళగలదు. తిరిగి రాలేదు.
రెండు ప్రయాణాలకు నాలుగువేల డాలర్లా?
రసీదు వెనకవైపు కూడికలు వేశాను, కొట్టేశాను,
మళ్ళీ వేశాను.

హాలు తాళాలు ఉండే నైరీ పులర్‌కి ఫోన్ చేశాను.
అక్కడ ప్లగ్గుందా?
"గొర్రెల కత్తెర్లు నడిచేంత ప్లగ్గుంది,
పియానోకి కరెంటెందుకమ్మా?"

నవ్వొచ్చింది.
ఆ పియానోకి మూడు గంటలు పడుతుంది,
చెమ్మకి ఉబ్బిన మీటలు, మొండి పిన్నులు,
నైరీ టీ, ఆ టీతో వచ్చే ఊరి తగాదాలు
కలిపితే నాలుగు.
ఇన్నేళ్ళూ ఆ నాలుగు గంటలు
నా బండి గోడకానుకుని ఊరికే నిలబడింది.

సంతకం పెట్టాను.
టవీటా గోటితో డెమో స్టికర్ గీకాడు.
మూడక్షరాలు రాలాయి,
చివరి గుండ్రటిది మొండికేసింది.
ఉండనీ, సున్నా కదా,
అక్కణ్ణుంచే లెక్కపెట్టుకుంటాను.

గేటు దాటుతుంటే వెనకనుంచి కేక:
"ఆ గీత నాదే! మొదటి రోజే పడేశాను!"

వినబడింది,
రెండు చెవులా.